పొద్దున మొదటి స్టార్ట్‌లో గరగర, తర్వాత టిక్ టిక్: నిజంగా ఇంజన్ దించాల్సిందేనా?

నిర్మల్_బండి | నిర్మల్

అందరికీ నమస్కారం. నాది 2016 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 1.2 లీటర్, నాలుగు సిలిండర్లు, వాల్వులూ పిస్టన్లూ లెక్క ప్రకారం కదిలేలా కలిపేది బెల్ట్ కాదు, టైమింగ్ చైన్. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను, ఇప్పటికి 82,000 కిలోమీటర్లు తిరిగింది.

చలి మొదలైనప్పటి నుంచి సమస్య. తెల్లవారుజామున తాళం తిప్పగానే ఇనుప డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు గరగరమంటుంది. కాసేపటికి అది ఆగుతుంది, కానీ టిక్ టిక్ టిక్ అని సన్నగా ఇంకో శబ్దం మిగులుతుంది. ఊరు దాటేసరికి అదీ పోతుంది. మధ్యాహ్నం, సాయంత్రం ఎన్నిసార్లు స్టార్ట్ చేసినా ఏమీ ఉండదు. పికప్ బాగుంది, మైలేజీ తగ్గలేదు, పొగ లేదు, చెక్ ఇంజన్ లైటు రాలేదు.

ఒక షెడ్డులో చూపిస్తే "బోర్ (సిలిండర్ లోపలి గోడ) పోయింది, ఇంజన్ దించాలి, 35,000 అవుతుంది" అన్నారు. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే అప్పటికే ఇంజన్ వేడిగా ఉంది కాబట్టి "శబ్దమే లేదు కదా సార్" అని పంపేశారు. ఇంకొకాయన ఇంకా చిక్కటి ఆయిల్ పోయిస్తే సరిపోతుందన్నాడు. నాన్నను నెలనెలా హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తెల్లారకముందే బయల్దేరతాం. దారిలో ఆగిపోతే ఎలాగని టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

షెడ్డుమనిషి | రాజమండ్రి

రవ్వంత ఓపిక పట్టండి, ఇంజన్ దించే మాట ఇప్పుడే వద్దు. మీరు రాసినదాన్ని బట్టి అవి రెండు వేర్వేరు శబ్దాలు. రెండింటికీ ఒకే కారణం ఉండాలని లేదు.

నాకు కొన్ని వివరాలు కావాలి. గరగర ఎన్ని సెకన్లు ఉంటోంది? టిక్ టిక్ ఎన్ని నిమిషాలు? రేస్ ఇస్తే టిక్ టిక్ వేగం పెరుగుతుందా, అలాగే ఉంటుందా? ఇప్పుడు ఇంజన్‌లో ఉన్న ఆయిల్ ఏ గ్రేడ్? ఫిల్టర్ ఎప్పుడు మార్చారు, ఏ రకం వేశారు? ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ మీద ఆయిల్ ఎంత వరకు ఉంది?

రేపు పొద్దున ఇంట్లో ఎవరినైనా స్టార్ట్ చేయమని, మీరు బానెట్ ఎత్తి వీడియో తీయండి. తాళం తిప్పకముందే రికార్డింగ్ మొదలవ్వాలి. అసలు సాక్ష్యమంతా మొదటి రెండు సెకన్లలోనే ఉంటుంది, చాలామంది శబ్దం వచ్చాక ఫోన్ తీస్తారు. ఒక వీడియో ముందువైపు నుంచి, మర్నాడు ఒకటి సైలెన్సర్ వైపు నుంచి తీయండి. బండి ఆరుబయట ఉండాలి, తలుపు మూసిన గ్యారేజీలో ఇంజన్ ఆడించకండి. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన కూడా రాదు.

ఒక్కటి మాత్రం ఇప్పుడే చెప్తున్నా. స్టార్ట్ అయిన రెండు మూడు సెకన్లలో డ్యాష్‌బోర్డు మీద ఎర్ర ఆయిల్ లైటు ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఇంజన్ ఆపండి. అప్పుడు వీడియో కూడా వద్దు.

సింగరేణి_డ్రైవ్ | రామగుండం

చలికి అన్ని బండ్లూ చేస్తాయి అన్నా ఇట్లాంటి శబ్దాలు. వేడెక్కితే పోతోంది కదా, వదిలేయ్. నా పాత బండి ఏండ్ల తరబడి అట్లనే తిరిగింది.

షెడ్డుమనిషి | రాజమండ్రి

వేడెక్కితే పోతుంది కాబట్టి వదిలేయమనడం సగం వరకే నిజం. ఎందుకు పోతోందో తెలియాలి కదా.

రాత్రంతా బండి ఆగితే లోపల కొన్ని మార్పులు జరుగుతాయి. పైన వాల్వులను కదిలించే క్యామ్ దగ్గర, ఆయిల్ దారుల్లో ఉన్న ఆయిల్ మెల్లగా కిందికి సంపులోకి, అంటే ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలోకి దిగిపోతుంది. మిగిలింది చలికి చిక్కబడుతుంది. లోహాలు కుంచించుకుంటాయి, అవీ అన్నీ ఒకేలా కాదు. అల్యూమినియం పిస్టన్ ఇనుప సిలిండర్ కంటే ఎక్కువ కుంచించుకుంటుంది, అందుకే చల్లగా ఉన్నప్పుడు పిస్టన్‌కీ గోడకీ మధ్య సందు ఎక్కువ. ఆయిల్ దిగిపోవడం వల్ల వచ్చే శబ్దం సెకన్లలో పోతుంది, పంపు ప్రెషర్ కట్టగానే దాని పని అయిపోతుంది. లోహం కుంచించుకోవడం వల్ల వచ్చేది ఇంజన్ వేడెక్కేదాకా, అంటే నిమిషాల పాటు ఉంటుంది. అందుకే ఎన్ని సెకన్లు, ఎన్ని నిమిషాలు అని అంత గట్టిగా అడిగాను. శబ్దం ఎలా ఉందో మాటల్లో చెప్పడం కష్టం. ఒకరికి టకటకగా వినిపించింది ఇంకొకరికి కటకటగా వినిపిస్తుంది. గడియారం మాత్రం అందరికీ ఒకేలా చెప్తుంది.

సెకన్ల లెక్కలో చైన్ ఇంజన్లలో మొదట అనుమానించాల్సింది టైమింగ్ చైన్. ఆ చైన్‌ని బిగువుగా పట్టే టెన్షనర్ చాలా ఇంజన్లలో ఆయిల్ ప్రెషర్‌తోనే పనిచేస్తుంది. ప్రెషర్ వచ్చేదాకా చైన్ వదులుగా ఉండి, దానికి దారి చూపే గైడ్లకు కొట్టుకుంటుంది, అదే గరగర. హైడ్రాలిక్ టప్పెట్లు (ఆయిల్‌తో నిండి వాల్వులను నొక్కే భాగాలు) ఉన్న ఇంజన్లలో వాటిలోని ఆయిల్ రాత్రికి కారిపోతే కాసేపు టకటకమంటాయి. రెండూ ఒక్క క్షణం వచ్చి పోతే గమనిస్తూ ఉండాలి. రోజురోజుకూ నిడివి పెరుగుతుంటే మాత్రం వదలకూడదు. చైన్ సాగి ఒక పన్ను జారితే వాల్వులూ పిస్టన్లూ ఢీకొనే ఇంజన్లు చాలా ఉన్నాయి. అప్పుడు అయ్యే ఖర్చు ముందు ఇప్పుడు చెప్పిన 35,000 చిన్నదైపోతుంది.

నిమిషాల లెక్కలో వచ్చేవి ఇంకో రెండు. ఒకటి పిస్టన్ స్లాప్, అంటే పిస్టన్ సిలిండర్ గోడకు కొట్టుకోవడం. అది సన్నటి టిక్ కాదు, మందంగా డుబ్ డుబ్ అంటుంది, ఇంజన్ మధ్య భాగం నుంచి వస్తుంది. రెండోది ఎగ్జాస్ట్ లీకు. సిలిండర్ల నుంచి పొగను బయటికి తీసుకెళ్లే మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ కాలినా, దాన్ని బిగించే స్టడ్ విరిగినా చల్లగా ఉన్నప్పుడు చిన్న సందు ఉంటుంది, అందులోంచి పొగ తన్నుకొచ్చినప్పుడల్లా టిక్ అంటుంది. వేడెక్కి లోహం వ్యాకోచిస్తే సందు మూసుకుంటుంది, శబ్దం పోతుంది. చాలామంది మెకానిక్‌లు దీన్నే టప్పెట్ సౌండ్ అనుకుని పైమూత విప్పేస్తారు.

ఇక అన్నిటికంటే భయపడాల్సింది పిస్టన్‌ని కింద తిరిగే క్రాంక్ షాఫ్ట్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్. అది వేడెక్కితే తగ్గదు, పెరుగుతుంది, ఎందుకంటే వేడికి ఆయిల్ పలచబడి బేరింగ్‌లో పొర నిలవదు. లోడ్ పడితే ధన్ ధన్ అని కింది నుంచి కొడుతుంది. నిర్మల్ గారి బండికి ఆ లక్షణం లేదు, అందుకే ఓపిక పట్టమన్నాను.

శ్రీలత_కె | హైదరాబాద్

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి, మాది కొత్త బీఎస్6 టర్బో పెట్రోల్. పొద్దున స్టార్ట్ చేయగానే ఐడ్లింగ్ (బండి కదలకుండా ఇంజన్ ఆడే వేగం) నిమిషానికి 1,300 చుట్ల దాకా వెళ్తుంది, ఇంజన్ బొంగురుగా, టకటకమంటూ నడుస్తుంది. నిమిషంలోపే మామూలైపోతుంది. పాత బండికి ఇలా ఉండేది కాదు. ఇది కూడా లోపమేనా?

షెడ్డుమనిషి | రాజమండ్రి

కాదమ్మా. సైలెన్సర్ లైన్‌లో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ చల్లగా ఉంటే పనిచేయదు, సుమారు 250 నుంచి 300 డిగ్రీలకు చేరితేనే పొగను శుభ్రం చేయడం మొదలుపెడుతుంది. దాన్ని త్వరగా వేడెక్కించడానికి కంప్యూటరే ఐడ్లింగ్ పెంచి, స్పార్క్ కాస్త ఆలస్యంగా ఇస్తుంది. మండే వేడి ఎక్కువగా ఎగ్జాస్ట్‌లోకి పోతుంది, అందుకే ఆ బొంగురు గొంతు. మీది డైరెక్ట్ ఇంజెక్షన్ అయితే హై ప్రెషర్ పంపు, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు కూడా టకటకమంటాయి. అది బండి స్వభావం. నిమిషం తర్వాత కూడా ఐడ్లింగ్ దిగకపోతే అప్పుడు చూపించండి.

రాత్రిషిఫ్ట్ | మిన్నెసోటా

ఇక్కడ జనవరిలో మైనస్ 25 మామూలే. ఆ చలిలో స్టార్ట్ చేస్తే ఏ శబ్దం ఏ భాగానిదో చెప్పడం ఇంకా కష్టం. ప్లాస్టిక్ కిర్రుమంటుంది, రబ్బరు మౌంట్లు గట్టిపడి ఇంజన్ వణుకంతా క్యాబిన్‌లోకి వస్తుంది, హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్ ఉన్న బండ్లు మూలుగుతాయి. ఇక్కడివాళ్లు చాలామంది రాత్రి బ్లాక్ హీటర్ ప్లగ్ పెట్టి పడుకుంటారు, అది కూలెంట్‌ని వేడిగా ఉంచుతుంది. మా బండికి మాన్యువల్ ప్రకారం 0డబ్ల్యూ-20 అనే పలచటి ఆయిల్ వాడుతున్నాం.

నిర్మల్ గారూ, మీ ఇంజన్‌లో ఏ ఆయిల్ ఉందో రాయండి. నాకు మీ గరగర మీద అనుమానం అక్కడే ఉంది.

నిర్మల్_బండి | నిర్మల్

షెడ్డుమనిషి గారూ, మీరు చెప్పినట్టే వీడియోలు తీసి లింకు పెట్టాను. మా చెల్లి స్టార్ట్ చేసింది. వీడియో ఆపి ఆపి చూస్తే గరగర మూడు సెకన్ల పైనే ఉంది. ఎర్ర లైటు కూడా దాదాపు అప్పుడే ఆరుతోంది, రెండూ ఒకేసారి పోతున్నాయి. ఇది ఇంతకుముందు గమనించలేదు.

టిక్ టిక్ ఐదారు నిమిషాలు. రేస్ ఇస్తే వేగం పెరుగుతోంది. ముందు నుంచి తీసిన వీడియోలో సన్నగా ఉంది, ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య ఉండే గోడ వైపు ఫోన్ పెడితే గట్టిగా వినిపిస్తోంది.

ఆయిల్ బిల్లు వెతికాను. కిందటి సర్వీస్‌లో షాపువాళ్లు పోసింది 20డబ్ల్యూ-50. మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 అని ఉంది. ఫిల్టర్ ఏ కంపెనీదో బిల్లులో లేదు. డిప్‌స్టిక్ మీద కింది గీతకు కాస్త పైన ఉంది.

గాజువాక_ఇంజనీర్ | విశాఖపట్నం

ఎర్ర లైటూ గరగరా ఒకేసారి పోతున్నాయన్న మాటతో సగం తేలిపోయింది. ప్రెషర్ ఆలస్యంగా కడుతోంది. చైన్ పోయిందనే ముందు ప్రెషర్ ఎందుకు ఆలస్యమవుతోందో చూడాలి.

ఆయిల్ డబ్బా మీద డబ్ల్యూకి ముందున్న అంకె చలికి సంబంధించినది. ఎస్‌ఏఈ అనే ఇంజనీర్ల సంస్థ ప్రమాణంలో ఒక్కో గ్రేడ్‌కి క్రాంకింగ్ (చలిలో స్టార్టర్‌తో ఇంజన్ తిరగడం) పరీక్ష చేసే ఉష్ణోగ్రత వేరు: 5డబ్ల్యూకి మైనస్ 30, 20డబ్ల్యూకి మైనస్ 15. మన నిర్మల్‌లోనో ఆదిలాబాద్‌లోనో మైనస్‌లోకి పోదు కాబట్టి 20డబ్ల్యూ గడ్డకట్టి ఇంజన్ ఆగిపోదు, నిజమే. కానీ డిసెంబర్, జనవరిల్లో అక్కడ తెల్లవారుజామున పది డిగ్రీల లోపుకి దిగుతుంది. ఆ వేళ 20డబ్ల్యూ-50 మీ ఇంజన్ అడిగినదానికంటే చాలా చిక్కగా ఉంటుంది. సన్నటి దారులకు అలవాటుపడ్డ ఇంజన్‌లో అది టెన్షనర్ దాకా చేరేసరికి ఆలస్యమే.

రెండోది ఫిల్టర్. ఫిల్టర్ లోపల ఒక రబ్బరు వాల్వు ఉంటుంది, ఇంజన్ ఆగాక ఆయిల్ వెనక్కి కారిపోకుండా పట్టుకోవడం దాని పని. ఫిల్టర్ కిందికి వేలాడుతూ మూతి పైకి ఉండేలా బిగించే ఇంజన్లలో ఆ వాల్వు లేకపోయినా పెద్ద తేడా రాదు, డబ్బాలో ఆయిల్ డబ్బాలోనే ఉంటుంది. అడ్డంగా గానీ తలకిందులుగా గానీ బిగించే ఇంజన్లలో వాల్వు గట్టిపడితే రాత్రికి ఫిల్టర్ ఖాళీ. పొద్దున పంపు ముందు ఆ డబ్బా నింపి, తర్వాతే పైకి పంపాలి. మీ ఫిల్టర్ ఎలా ఉందో చూడండి.

నిర్మల్_బండి | నిర్మల్

అడ్డంగానే ఉంది సార్.

సింగరేణి_డ్రైవ్ | రామగుండం

ఒక మాట అడుగుతా. మా దిక్కు ఎండాకాలం 45 డిగ్రీలు దాటుతది. పలచటి ఆయిల్ పోస్తే వేసవిలో ఇంజన్ ఏమైపోవాలె? అందుకే కదా మెకానిక్‌లు చిక్కటిది పోసేది.

గాజువాక_ఇంజనీర్ | విశాఖపట్నం

మంచి ప్రశ్న, చాలామందికి ఉన్న సందేహమే. బయట 45 ఉన్నా 10 ఉన్నా ఇంజన్ పూర్తిగా వేడెక్కాక కూలెంట్ దాదాపు 90 డిగ్రీల దగ్గరే ఉంటుంది, థర్మోస్టాట్ పని అదే. రెండో అంకెను, అంటే 30నో 50నో, 100 డిగ్రీల దగ్గర ఆయిల్ చిక్కదనాన్ని బట్టి ఇస్తారు. బేరింగుల మధ్య సందు ఎంత పెట్టాలో డిజైన్ చేసినవాళ్లు ఆ చిక్కదనాన్ని లెక్కలో పెట్టుకునే చేశారు. సందు తక్కువగా ఉన్న ఇంజన్‌లో మరీ చిక్కటిది పోస్తే రక్షణ పెరగదు, ప్రవాహం తగ్గుతుంది. అలాగని చిక్కటి ఆయిల్ తప్పు అని కాదు. 20డబ్ల్యూ-50 కోసమే చేసిన పాత ఇంజన్లు ఉన్నాయి, వాటికి అదే పోయాలి. మాన్యువల్‌లో ఉష్ణోగ్రతల పట్టిక ఇస్తారు, మన ఎండలూ అందులో కవరవుతాయి. దాన్ని దాటి పోవాల్సిన పని లేదు.

సింగరేణి_డ్రైవ్ | రామగుండం

సరే అన్నా, ఇప్పుడు అర్థమైంది. మా బండి మాన్యువల్ తీసి చూస్తా.

మానేరు_డీజిల్ | కరీంనగర్

డీజిల్ వాళ్లం కూడా ఉన్నాం ఇక్కడ. నాది 1.3 లీటర్ డీజిల్. పొద్దున స్టార్ట్ చేస్తే గడగడ చాలా ఎక్కువ, బండి మొత్తం ఊగుతుంది, తెల్లటి పొగ వస్తుంది, రెండు మూడు నిమిషాల తర్వాత మామూలు. లీకేమైనా ఉందంటారా?

షెడ్డుమనిషి | రాజమండ్రి

మీది పూర్తిగా వేరే దారి. డీజిల్‌కి స్పార్క్ ఉండదు, బిగబట్టిన గాలి వేడికే మండాలి. చల్లటి సిలిండర్‌లో డీజిల్ చిమ్మిన వెంటనే అంటుకోదు, కాస్త ఆలస్యంగా ఒక్కసారిగా భగ్గుమంటుంది. ఆ దెబ్బే గడగడ. కొంత వరకు ప్రతి డీజిల్‌కీ ఉంటుంది. బండి ఊగడం, తెల్లపొగ కూడా కలిసి వచ్చాయంటే ఒకటో రెండో సిలిండర్లు మొదట్లో అసలు మండటం లేదు. ముందు సిలిండర్‌ని వేడిచేసే హీటర్ ప్లగ్గులు చూపించండి. కనెక్షన్ తీసి మల్టీమీటర్‌తో ఒక్కోటి కొలవాలి. మంచిది ఒక ఓమ్‌కి అటూ ఇటూగా చూపిస్తుంది, తెగిపోయిందైతే మీటర్‌లో ఏమీ రాదు. ప్లగ్గులు విప్పేటప్పుడు బలం వాడనివ్వకండి, ఇంజన్ పైభాగం, అంటే హెడ్‌లో ఇరుక్కుని విరిగితే తీయడం నరకం. ఇంజన్ గోరువెచ్చగా ఉన్నప్పుడు విప్పడం మేలు.

అన్నట్టు, తాళం తిప్పాక చుట్టలా ఉండే పసుపు లైటు ఆరేదాకా ఆగి స్టార్ట్ చేస్తున్నారా?

మానేరు_డీజిల్ | కరీంనగర్

నేను ఆగుతాను. డ్రైవర్ ఆగుతాడో లేదో అడగాలి. ప్లగ్గులు చూపించి చెప్తాను.

మిర్చియార్డ్ | గుంటూరు

మా ఆవిడ బండికి పొద్దున స్టార్ట్ చేయగానే కీచుమని అరుపు. వీధి మొత్తం లేస్తుంది. వాన పడ్డ మర్నాడు మరీ ఎక్కువ. షాపులో బెల్ట్ మీద ఏదో స్ప్రే కొట్టారు, వారం బాగుంది, మళ్లీ మొదలు.

షెడ్డుమనిషి | రాజమండ్రి

ఆ స్ప్రే కొట్టకూడదండీ, దుమ్ముని పట్టుకుని బెల్ట్‌ని ఇంకా పాడుచేస్తుంది. స్టార్ట్ చేయడానికి బ్యాటరీ చాలా కరెంటు ఇచ్చేసి ఉంటుంది, వెంటనే డైనమో దాన్ని నింపడానికి బలంగా పనిచేస్తుంది. ఆ లోడ్‌కి వదులు బెల్ట్ జారుతుంది. మంచు, తేమ ఉంటే ఇంకా జారుతుంది.

ఇంజన్ ఆడుతుండగా బెల్ట్ గాడుల వైపు కొద్దిగా నీళ్లు చిలకరించి చూడమనండి. అరుపు పెరిగితే బెల్ట్ బిగువు చాలడం లేదు, టెన్షనరో బెల్టో మార్చాలి. కిచకిచ కాసేపు పోయి మళ్లీ వస్తే ఏదో పుల్లీ వరుసలో లేదు. ఈ పని చేసేవాళ్లు చున్నీ, చీర కొంగు, వదులు చొక్కా చేతులు బెల్ట్‌కి దూరంగా పెట్టుకోవాలి. రేడియేటర్ ఫ్యాన్ ఇంజన్ ఆపాక కూడా తిరుగుతుంది, అది మరచిపోవద్దు.

శ్రీలత_కె | హైదరాబాద్

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒకరి కారుకి పొద్దున టపటపమని వచ్చేది, ఇంజన్ అనుకుని భయపడ్డారు. చివరికి ఏసీ బ్లోయర్‌లో ఎలుక చేర్చిన ఆకులూ కాగితాలూ. బ్లోయర్ ఆపేస్తే శబ్దం ఆగింది, అలా దొరికింది. బానెట్ కింద ఎలుకలు వైర్లు కూడా కొరుకుతున్నాయి మా దగ్గర. నిర్మల్ గారు ఒకసారి ఏసీ, బ్లోయర్ రెండూ ఆపి కూడా వినండి.

షెడ్డుమనిషి | రాజమండ్రి

శ్రీలత గారు చెప్పింది చాలా పనికొచ్చే మాట. ఖర్చు లేని పరీక్షలు ముందు అయిపోవాలి.

నిర్మల్ గారూ, గరగర సంగతి విశాఖ సారు చెప్పేశారు. ఆయిల్, ఫిల్టర్ మార్చకుండా చైన్ జోలికి పోవద్దు. ఇప్పుడు టిక్ టిక్ చూద్దాం. రేస్‌తో పాటు వేగం పెరుగుతోంది కాబట్టి ఇంజన్ తిరుగుడుతో ముడిపడింది. కానీ దాంతోనే వాల్వా, ఎగ్జాస్టా అని తేల్చలేం. క్యామ్ షాఫ్ట్ క్రాంక్ కంటే సగం వేగంతో తిరుగుతుంది, కాబట్టి ఒక వాల్వు క్రాంక్ రెండు చుట్లకు ఒకసారి కొడుతుంది. ఒక సిలిండర్ పొగ వదిలేది కూడా రెండు చుట్లకు ఒకసారే. చెవికి రెండూ ఒకే లయ.

తేడా పట్టే ఉపాయం ఇంజెక్టర్‌లో ఉంది. ఇంజన్ చల్లగా ఉండి టిక్ టిక్ వస్తుండగా ఒక్కో సిలిండర్ ఇంజెక్టర్ కనెక్టర్ తీసి చూడాలి. ఆ సిలిండర్ మండటం ఆగుతుంది, బండి కాస్త వణుకుతుంది. వాల్వు శబ్దమైతే ఏ మార్పూ రాదు, ఎందుకంటే మండినా మండకపోయినా వాల్వు లేచి పడుతూనే ఉంటుంది. ఎగ్జాస్ట్ లీకు అయితే ఆ సిలిండర్ తీసినప్పుడు టిక్ బాగా తగ్గిపోతుంది, తన్నే పొగే లేదు కాబట్టి. స్పార్క్‌కి కరెంటు ఇచ్చే కాయిల్ కాకుండా ఇంజెక్టర్ తీయమన్నది కావాలనే. కాయిల్ తీస్తే మండని పెట్రోల్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాలుస్తుంది. చెక్ ఇంజన్ లైటు వస్తుంది, భయపడకండి, తర్వాత స్కానర్‌తో తీసేయొచ్చు. మీకు అలవాటు లేకపోతే మెకానిక్‌ని పొద్దున్నే మీ ఇంటికి రప్పించండి. బండి ఆయన దగ్గరికి వెళ్లేసరికి సాక్ష్యం కరిగిపోతుంది.

రాత్రిషిఫ్ట్ | మిన్నెసోటా

ఎగ్జాస్ట్ లీకు అయితే త్వరగా చేయించండి నిర్మల్ గారూ. శబ్దం వల్ల కాదు, క్యాబిన్ గాలి తీసుకునే చోటు అక్కడికి దగ్గరే. నాన్నగారిని కూర్చోబెట్టుకుని అద్దాలు మూసుకుని వెళ్తారు కదా. బాగు చేయించేదాకా లోపలి గాలే తిరిగే బటన్ మీద నమ్మకం పెట్టుకోకుండా అద్దాలు కాస్త దించుకోండి.

నిర్మల్_బండి | నిర్మల్

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. జరిగింది రాస్తున్నాను.

మా వీధి చివర కొత్తగా షెడ్డు పెట్టిన తమ్ముడొకడున్నాడు, ఈ చర్చంతా చదివించి పొద్దున్నే రమ్మన్నాను. ఏసీ, బ్లోయర్ ఆపినా టిక్ టిక్ ఉంది. మొదటి మూడు ఇంజెక్టర్లు ఒక్కోటి తీసి పెట్టినప్పుడు తేడా లేదు. నాలుగోది తీయగానే టిక్ మాయం, పెట్టగానే మళ్లీ వచ్చింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఇంజన్ చల్లారాక మ్యానిఫోల్డ్ మీది రేకు విప్పాడు. నాలుగో పోర్టు చుట్టూ నల్లటి మసి విసనకర్రలా పరుచుకుని ఉంది, మిగతా మూడూ శుభ్రంగా ఉన్నాయి. అక్కడి స్టడ్ ఒకటి విరిగి నట్టుతో సహా ఎప్పుడో రాలిపోయింది, హెడ్ లోపల ముక్క మిగిలింది. లేత్ వర్క్‌షాపు మనిషి వచ్చి ఆ ముక్క తీశాడు, మ్యానిఫోల్డ్ ముఖం వంగిందేమోనని స్కేలు పెట్టి చూశాడు, వంగలేదు. కొత్త గ్యాస్కెట్, స్టడ్లు, నట్లు, కూలీ మొత్తం కలిపి ఐదు వేల లోపే అయింది.

అదే రోజు 5డబ్ల్యూ-30 పోయించి, బండి కంపెనీ ఫిల్టర్ వేయించాను. పాత ఫిల్టర్‌ని రంపంతో కోసి చూశాం. లోపలి రబ్బరు పలక గోటితో నొక్కితే వంగనంత గట్టిపడింది, అంచు ఒకవైపు లేచి ఉంది. ఫోటో పెట్టాను చూడండి.

మర్నాడు పొద్దున టిక్ టిక్ పూర్తిగా లేదు. గరగర కూడా లేదు. కానీ ఆదివారం బండి తీయలేదు, సోమవారం స్టార్ట్ చేస్తే ఒక్క అర సెకను చిన్నగా గర్రుమంది. అది నన్ను ఇంకా పీకుతోంది.

గాజువాక_ఇంజనీర్ | విశాఖపట్నం

ఫోటో చాలా స్పష్టంగా ఉంది, ఆ లేచిన అంచు నుంచే రాత్రంతా ఆయిల్ కారిపోయింది. అలాంటి ఫోటోలు ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే పెట్టండి, షాపులో ఫిల్టర్ కొనేటప్పుడు ఏం చూడాలో జనానికి తెలుస్తుంది.

ఆ అర సెకను గురించి: ఒక సీజన్ అంతా ఆలస్యపు ప్రెషర్‌తో చైన్ గైడ్లకు కొట్టుకుంది, కాస్త అరుగుదల ఉండొచ్చు. స్కానర్ పెట్టి పీ0016 అనే లోపం కోడ్ ఉందేమో చూడమనండి. క్యామ్‌కీ క్రాంక్‌కీ లెక్క తప్పితే అది వస్తుంది. చైన్ బాగా సాగితే తరచూ కనిపించే కోడ్ అదే.

నిర్మల్_బండి | నిర్మల్

చూపించాను సార్. ఇంజెక్టర్ తీసినప్పటి కోడ్ ఒక్కటే ఉంది, తీసేశాం. వేరే ఏమీ లేదు.

షెడ్డుమనిషి | రాజమండ్రి

అయితే ఇప్పుడు చైన్ విప్పకండి. ఇవాళ్టి వీడియో దాచుకోండి. నెలకోసారి, బండి రెండు రోజులు ఆగిన తర్వాత మళ్లీ అదే చోట ఫోన్ పెట్టి తీయండి. అర సెకను అర సెకనులాగే ఉంటే నిశ్చింతగా తిరగండి. సెకను దాటితే టెన్షనర్, గైడ్లు, చైన్ మూడూ కలిపి మార్పించండి, ఒక్క టెన్షనర్ మాత్రం మార్చడానికి ఒప్పుకోకండి. ఆయిల్ ఐదు వందల కిలోమీటర్లకోసారి డిప్‌స్టిక్ మీద చూసుకోండి. కింది గీత కంటే దిగితే ఆయిల్ మలుపుల్లో పంపుకి అందకపోవచ్చు. ఇంజన్ ఫ్లష్ చేస్తామని ఎవరైనా అంటే ఈ వయసు ఇంజన్‌కి వద్దనండి. పాత మడ్డి ఊడి సంపులోని జాలీకి అడ్డం పడితే ఉన్న ప్రెషర్ కూడా పోతుంది.

పొద్దున స్టార్ట్ చేయగానే రేస్ ఇవ్వకుండా అర నిమిషం ఆగి, మొదటి రెండు మూడు కిలోమీటర్లు మెల్లగా పోనివ్వండి. నాన్నగారిని ధైర్యంగా హైదరాబాద్ తీసుకెళ్లండి.

మానేరు_డీజిల్ | కరీంనగర్

నాది కూడా తేలింది. నాలుగు హీటర్ ప్లగ్గుల్లో రెండు మీటర్‌లో ఏమీ చూపించలేదు. నాలుగూ మార్పించాను, తెల్లపొగ పోయింది, ఊగడం పోయింది. గడగడ కొంచెం ఉంది, అది డీజిల్‌ది అన్నారు కదా. డ్రైవర్ పసుపు లైటు కోసం ఆగట్లేదట, ఇవాళ పక్కన కూర్చుని చూపించాను.

సింగరేణి_డ్రైవ్ | రామగుండం

నేను కూడా మాన్యువల్ తీసిన. మా పాత బండికి 20డబ్ల్యూ-50 సరిపోతదనే రాసి ఉంది, దానికి అదే ఉంచుతున్న. మా తమ్ముని కొత్త బండికి మాత్రం 0డబ్ల్యూ-20 రాసి ఉంది, వానికి కూడా షాపుల చిక్కటిదే పోసిండ్రు. ఈ ఆదివారం మార్పిస్తున్నం. ఫిల్టర్ ఏ దిక్కు బిగించి ఉందో చూసి ఫోటో పెడతా.